రోగశయ్య చెంత సహధర్మచారి

వివాహమున సప్తపది నడచునపుడు ఏడవ అడుగు సఖ్యము కొరకని పెద్దలు చెప్పుదురు. దేహమున బలము, ఇంట ధాన్యము ఉన్నంతకాలము ఆ సఖ్యమును నిలుపుకొనుట కష్టము కాదు. దంపతులలో ఒకరు మంచము పట్టి, వ్యాధి పూర్తిగా నయమగునని వైద్యుడు సైతము మాట ఇయ్యలేని నాడు రెండవవారు నిలుచు తీరునందే ఆ ఏడవ అడుగు సార్థకమగును.

మదనపల్లె సీమయందలి పెద్దమండ్యము వంటి మెట్టపల్లెలో వానను నమ్ముకొని వేరుసెనగ పండించుకొను ఒక సంసారమును తలచుకొందము. ఇల్లాలికి కేన్సరు వచ్చినది. పరీక్షలు చేయించునాటికే అది పుట్టిన చోటు దాటి ఇతర అవయవములకు వ్యాపించినది. భర్తకు దిక్కు తోచదు. పూర్వము ఈ సీమవారు వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రికో, డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి కృషి వలన 1954లో చెన్నపట్టణమున అడయారునందు వెలసిన కేన్సరు సంస్థకో పోవుచుండిరి. అనంతరము స్వామి పాదముల చెంతనే, తిరుపతిలో, దేవస్థానము వారి శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ 1993లో ఆరంభమైనది. 2022 మే నెలలో టాటా ట్రస్టుల వారి కేన్సరు ఆసుపత్రియు అచ్చటనే ప్రారంభమైనది. 2007లో ఆరోగ్యశ్రీ అను పేర మొదలై నేడు ఎన్.టి.ఆర్. వైద్యసేవగా సాగుచున్న పథకము వలన అర్హులైన కుటుంబములకు అనేక కేన్సరు చికిత్సల వ్యయభారము తగ్గుచున్నది. కావున చికిత్సకు దారి కలదు. ఆ దారిలో తోడు నడుచుట ఎట్లు అనునదే విచారింపవలసిన విషయము.

మొదట ఒక సందేహము కలుగును. సర్వభారమును స్వామిపై వేసినవాడు ఆసుపత్రుల చుట్టు తిరుగుట విశ్వాసలోపము కాదా? కాదు. శ్రీవిష్ణు సహస్రనామము స్వామిని వైద్యుడనియు, ఔషధమనియు, భిషక్కనియు పిలిచినది. యుద్ధభూమిలో లక్ష్మణుడు మూర్ఛిల్లినపుడు శ్రీరాముడు విలపించెనే గాని ఇది కర్మమని చేతులు ముడుచుకొనలేదు. సుషేణుడు చెప్పిన ఓషధులను హనుమంతుడు తెచ్చెను. ఔషధసేవనము వలన వ్రతభంగము లేదని స్మృతులు చెప్పుచున్నవి. కావున ఏకాదశియని మందు మానుట, ఉపవాసముతో దేహమును మరింత కృశింపజేయుట శాస్త్రసమ్మతము కాదు. ఏ జన్మ పాపమోయని రోగి యెదుట నిట్టూర్చుట అంతకంటెను క్రూరము. ఇది అంటువ్యాధియు కాదు. ఆమె పాత్రను వేరు చేయుట, పక్కన కూర్చుండుటకు జంకుట అజ్ఞానము.

చరకాచార్యుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పెను: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. అనగా రోగి చెంత నున్న భర్తయో భార్యయో చికిత్సకు వెలుపలివారు కారు, అందొక పాదము. పరిచారకునకు నాలుగు గుణములు కావలెనని ఆయన మతము: పరిచర్య తెలియుట, దక్షత, అనురాగము, శుచిత్వము.

పరిచర్య తెలియుట అనగా వైద్యుడు చెప్పినదానిని శ్రద్ధగా విని, తెలియనిది అడిగి, కాగితముపై వ్రాసికొనుట. ఈ దశలో చికిత్స వ్యాధిని తొలగించుటకా, అదుపులో నుంచుటకా, బాధను తగ్గించుటకా అని సూటిగా అడుగవలెను. దక్షత అనగా వేళకు స్పందించుట. కీమోథెరపీ తరువాత రక్తమునందలి తెల్లకణములు తగ్గును. ఆ దినములలో జ్వరము 100.4 డిగ్రీలకు చేరినచో తెల్లవారనిమ్మని ఆగరాదు. ఆ రాత్రియే ఆసుపత్రికి చేర్పవలెను. శుచిత్వము అనగా చేతులు కడుగుకొనుట, కాచిన నీరు, అప్పుడు వండిన అన్నము. తెల్లకణములు తగ్గియున్న దినములలో ఉత్సవముల సందడికి కొనిపోవుట కంటె ఇంట స్వామి పటము నెదుట దీపము పెట్టి ఆమెకు కనులార చూపుట మేలు. అనురాగమునకు వేరే వివరణము అక్కరలేదు. జుట్టు రాలినదని ఆమె కుమిలినపుడు, స్త్రీలు సైతము తలనీలాలు సమర్పించి తృప్తితో కొండ దిగు దేశము మనదని భర్త గుర్తుచేయవచ్చును.

సావిత్రిని, సుకన్యను పురాణములు కీర్తించినవి గనుక పరిచర్య స్త్రీలకే విధియని తలచరాదు. ధర్మము ఇరువురిదియు అయినపుడు పరిచర్యయు ఇరువురిదే. పరిచర్య చేయువాడు తాను భుజింపక, నిద్రింపక కూలిపోయిన నాడు రోగికి దిక్కెవరు? అన్నదమ్ములు, వదినెలు, ఇరుగుపొరుగువారు వంతులు వేసికొని ఒక పూట అన్నమో, ఒక రాత్రి కాపలాయో పంచుకొనుట గొప్ప కైంకర్యము.

ప్రార్థన మాట ఏమి? శ్రీరంగమున కూరత్తాళ్వాను సమస్త సంపదను విడిచి భిక్షాన్నముతో జీవించు దినములలో ఒకనాడు వాన వలన భిక్ష దొరకలేదు. రాత్రి కోవెలలో నైవేద్యపు గంట మ్రోగగా ఆయన భార్య ఆండాళమ్మ, నీ భక్తుడు పస్తుండగా నీవు ఆరగించుచున్నావా యని మనసున స్వామిని అడిగెను. వెంటనే ప్రసాదము ఇంటికి వచ్చెనని గురుపరంపరా గ్రంథములు చెప్పుచున్నవి. కూరేశుడు తనకై ఏమియు అడుగలేదు. ఆమెయు తనకై అడుగలేదు, భర్తకై అడిగెను. ప్రపన్నుడైన వాడు తన దేహమునకై వరములు కోరకపోవచ్చును గాని, సహధర్మచారి బాధకై స్వామిని వేడుట ప్రేమధర్మము. అడిగినది దక్కకున్నను ఆ వేడుకోలు వ్యర్థము కాదు. వేడినవారి చేతులకు మరునాటి పరిచర్యకు వలయు బలము లభించును.

ఇక అన్నిటికంటె లోతైన భయము మిగిలినది. నొప్పి తీవ్రమైనపుడు వైద్యులు మార్ఫిన్ ఇత్తురు. కేన్సరు నొప్పికి దానిని క్రమముగా, వేళ తప్పక ఇయ్యవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే మూడు మెట్ల పద్ధతిని ప్రకటించినది. మన దేశమున 2014లో చట్టమును సవరించి దాని లభ్యతను సులభము చేసిరి. అయినను ఇంటివారు జంకుదురు. మత్తులో ఉండి చివరి క్షణమున హరినామము పలుకలేనిచో ఆమె గతి యేమి? అంత్యకాల స్మరణము గూర్చి గీత ఎనిమిదవ అధ్యాయమున చెప్పినది కదా! ఈ భయముచే కొందరు మందు తగ్గించి, ప్రియమైన వారిని బాధకు అప్పగింతురు.

దీనికి సమాధానము తిరుమలలోనే కలదు. శ్రీవారికంటె ముందు దర్శించు ఆదివరాహస్వామి భూదేవికి ఇచ్చిన మాట అది. వరాహ చరమ శ్లోకమని శ్రీవైష్ణవులు నిత్యము స్మరించునది. మనసు, దేహము స్వస్థముగా నున్న కాలమున తన్ను తలచినవాడు అవసానమున కట్టెవలె, రాతివలె తెలివి లేక పడియున్నను, తానే ఆ భక్తుని తలచి పరమపదమునకు కొనిపోదునని స్వామి ప్రతిన చేసెను. జీవులకై భార్య అడుగగా భర్త ఇచ్చిన అభయమిది. అంతిమ స్మృతి భారము రోగి నాలుకపై లేదు, స్వామిపై నున్నది.

కావున వైద్యుడు చెప్పిన మేరకు నొప్పి మందు ఇచ్చుట నామమునకు అడ్డు కాదు. నొప్పి తగ్గిన గడియలలోనే ఆమె ప్రశాంతముగా గోవిందనామము వినగలదు, బిడ్డలతో నాలుగు మాటలు చెప్పగలదు. మొదట కలుగు మగత పలువురకు కొలది దినములలో తగ్గును. మలబద్ధకమునకు తగిన మందును వైద్యుని అడిగి వాడవలెను.

ఆ శ్లోకము మరియొక కర్తవ్యమును కూడ సూచించుచున్నది. స్వస్థముగా నున్నపుడు తలచుట మన వంతు. కావున రేపటికని వాయిదా వేయక, చికిత్స సాగుచుండగనే, నొప్పి లేని సంధ్యవేళ దంపతులిద్దరు కలిసి ఒక్కమారు నామము చెప్పుకొనవలెను. ఆమెకు గొంతు లేని నాడు భర్త పలుకగా ఆమె వినిన చాలును. వినలేని నాడు ఆమె చేతిని తన చేతిలో నుంచుకొని అతడు ఒక్కడే పలుకవలెను. అటుపై తలచుకొనవలసిన వాడు తలచుకొనును.