కొనబోతే కొరివి కాకూడదంటే...
పాత సామాను బేరంలో చిన్న రైతులు పాటించాల్సిన జాగ్రత్తలు

కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్నారు పెద్దలు. సెకండ్ హ్యాండ్ బేరాల్లో ఈ సామెత చిన్న రైతుకు తరచూ అనుభవంలోకి వస్తుంటుంది. నాలుగు విషయాలు ముందుగా తెలుసుకుని వెళితే కొనడంలోనూ, అమ్మడంలోనూ నష్టపోకుండా బయటపడవచ్చు.

మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేట వరకు ఐటీ ఆఫీసులు, అపార్ట్‌మెంట్లు పెరుగుతూ వచ్చాయి. అక్కడి ఉద్యోగులు బెంగళూరుకో, పుణెకో, విదేశాలకో వెళ్లేటప్పుడు మోటారు సైకిలు, ఇన్వర్టరు, ఫ్రిజ్, సెల్‌ఫోన్ అమ్మేస్తుంటారు. ఒకప్పుడు ఇలాంటి ప్రకటనలు పత్రికల క్లాసిఫైడ్స్‌లోనే వచ్చేవి. ఇప్పుడు ఫోన్లోనూ వస్తున్నాయి. పాలు, కూరగాయలు పట్టుకుని నగరానికి వెళ్లే చేవెళ్ల, శంకర్‌పల్లి, మొయినాబాద్ రైతులకు ఇవి అందుబాటులోని బేరాలే. ఇల్లు ఖాళీ చేసే తేదీ దగ్గరపడిన వాళ్లు ధర త్వరగా తగ్గిస్తారు. ఆ తేదీ ఎప్పుడో మాటల్లో కనుక్కోండి.

మోటారు సైకిలు కొనేముందు

పగటిపూటే వెళ్లండి. తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. అతనికిచ్చే కూలి వృథా పోదు. మీరు వచ్చేసరికి ఇంజను చల్లగా ఉండాలని ముందే చెప్పండి. వేడి ఇంజను ఎలాగైనా స్టార్టవుతుంది, చల్లటి ఇంజనులోనే లోపం బయటపడుతుంది. పొగ నీలంగా వస్తే ఇంజను ఆయిల్ తాగుతోందన్న మాట. రింగులు, వాల్వుల ఖర్చు మీద పడుతుంది. క్యాన్లు మోసే బండి కనుక ఛాసిస్‌కు వెల్డింగ్ అతుకులున్నాయేమో వంగి చూడాలి.

తర్వాత కాగితాలు. ఆర్‌సీలో ఉన్న ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో అంకె అంకె సరిపోవాలి. నంబరు దిద్దినట్టుంటే బేరం అక్కడితో ఆపేయండి. ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరుంటే అప్పు తీరినట్టు కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 తెచ్చివ్వమనాలి. తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో బండి నంబరు కొడితే కట్టని జరిమానాలు తెలుస్తాయి. ఆ మొత్తాన్ని ధరలో తగ్గించుకోవచ్చు.

నంబరు ప్లేటు కూడా కొంత చెబుతుంది. మన రాష్ట్రంలో 2014 జూన్ నుంచి టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ అక్షరాలతో నంబర్లు ఇస్తున్నారు. ఐటీ ఉద్యోగులు తెచ్చుకున్న కర్ణాటక, మహారాష్ట్ర బండ్లు చవగ్గా వస్తాయి. కానీ వాటికి అక్కడి రవాణా అధికారి ఇచ్చిన ఫారం 28 ఎన్‌ఓసీ కావాలి. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఈ ఖర్చు కలిపి లెక్క వేసుకుంటే ఆ చవక చాలాసార్లు మిగలదు.

పేరు మార్పిడి మరవొద్దు

బండి ఇచ్చేశాం, డబ్బు ముట్టింది, ఇంకేముంది అనుకోవడం పెద్ద ప్రమాదం. అమ్మినవారు 14 రోజుల్లోపు ఫారం 29 ద్వారా రవాణా శాఖకు తెలియజేయాలి. కొన్నవారు 30 రోజుల్లోపు ఫారం 30తో తమ పేరు మీదికి మార్పించుకోవాలి. బీమా పాలసీలో పేరు మార్పుకు 14 రోజుల్లోపు దరఖాస్తు పెట్టుకోవాలి.

నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చి చెప్పింది. ఆ కేసులో కారు పలు చేతులు మారినా ఆర్‌సీ మాత్రం పాత యజమాని పేరునే ఉండిపోయింది. ప్రమాదం జరిగాక పరిహారం బాధ్యత ఆర్‌సీలో పేరున్న వారిదేనని కోర్టు తీర్పునిచ్చింది. అంటే మీరు అమ్మేసిన పాత ట్రాక్టరుతో ఎవరో ప్రమాదం చేసినా, దానికి బీమా లేకపోతే నోటీసు మీ ఇంటికే వస్తుంది. ఎకరం, రెండెకరాలున్న కుటుంబం ఆ భారం మోయలేదు. కాబట్టి ఖాళీ ఫారాల మీద సంతకాలు చేసివ్వొద్దు. బండి అప్పగించిన తేదీ, సమయం రాసి, కొన్నవారి సంతకం, ఆధార్ జిరాక్సు తీసుకుని దాచుకోండి. వీలైతే ఇద్దరూ కలిసి వెళ్లి పని పూర్తిచేసుకోవడం మేలు.

ఇన్వర్టరు, సెల్‌ఫోన్

ఇన్వర్టరు పెట్టె కంటే బ్యాటరీ ముఖ్యం. బ్యాటరీ కొన్న బిల్లు అడగండి. కరెంటు ఆపించి, ఫ్యాను, బల్బు వేసి కనీసం అరగంట చూడండి. అప్పటికే వెలుగు తగ్గుతుంటే అది తుక్కు కిందే లెక్క, తుక్కు ధరే చెప్పండి.

సెల్‌ఫోన్ అయితే స్టార్, హాష్, 06, హాష్ నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. కేవైఎం అని టైపు చేసి, కాస్త ఖాళీ వదిలి, ఆ నంబరు వేసి 14422కు ఎస్సెమ్మెస్ పంపండి. బ్లాక్‌లిస్టులో ఉన్నట్టు జవాబొస్తే ముట్టుకోవద్దు. దొంగ సొత్తని తెలిసి గానీ, అనుమానించడానికి కారణం ఉండి గానీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరమవుతుంది.

మీరు అమ్మేటప్పుడు

బోరు ఎండిపోయి మోటారు అమ్మాల్సి వస్తే పాత ఇనుము వాడికి కిలోల లెక్కన ఇచ్చేయకండి. ముందు ప్రకటన ఇచ్చి చూడండి. ‘మంచి మోటారు అమ్మబడును’ అంటే ఎవరూ ఫోన్ చేయరు. ఇలా రాయండి: ‘5 హెచ్‌పీ త్రీఫేజ్ సబ్‌మెర్సిబుల్. రెండేళ్లు వాడాం. రీవైండింగ్ కాలేదు. బోరు ఎండినందున అమ్మకం. కేబులు, స్టార్టరు సహా. నడిపి చూపిస్తాం.’ ఇందులో మీ మోటారుకు నిజమైన వివరాలే ఉండాలి. కంపెనీ పేరు, ధర, ఊరు తప్పక వేయండి. లోపం ఉంటే ముందే చెప్పండి. అలా చెబితే తర్వాత తగాదా రాదు.

డబ్బు దగ్గర మోసాలు

వస్తువు చూడకుండా బయానా పంపొద్దు. మిలటరీలో ఉన్నాను, బదిలీ అయింది, రవాణా ఖర్చు పంపితే బండి పంపిస్తాను అని చెప్పి దోచుకోవడం పాత ఎత్తుగడ. అమ్మేవారికి మరో రకం వల వేస్తారు. ‘డబ్బు పంపుతున్నా, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అంటారు. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే మీ ఖాతాలోంచి పోతున్నట్టే. మోసపోయామని తెలిసిన మరుక్షణం 1930కు ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే సొమ్ము ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇవి గుర్తుంచుకోండి

* పగలు, మెకానిక్‌తో, వస్తువు ఉన్నచోటికే వెళ్లండి.
* అసలు కాగితాలు చూశాకే బయానా ఇవ్వండి, రసీదు తీసుకోండి.
* ధరతోపాటు పేరు మార్పిడి, బీమా, రిపేరు ఖర్చు కలిపి లెక్కేయండి.
* కొనేవారైనా, అమ్మేవారైనా తొందరపెడితే ఒకరోజు ఆగండి.
* అప్పు చేసి కొనాల్సి వస్తే వడ్డీ కూడా ధరలో భాగమేనని మరవకండి.