పెరటి తొట్టిలో చేపలు, పైన మడిలో కూరలు: దిగే ముందు చూసుకోవలసిన లెక్క

కోనసీమకు చేపల సాగు కొత్త కాదు. చెరువు లీజు, పిల్ల ధర, మేత అరువు, పట్టుబడి నాటి రేటు అమలాపురం, రాజోలు, కొత్తపేట వర్తకులకు నోటి లెక్కలే. అయితే చెరువు లేకుండా పెరట్లో తొట్టి పెట్టి చేపలు పెంచి, ఆ నీటినే తిప్పుతూ కూరగాయలు పండించే ‘ఆక్వాపోనిక్స్’ లెక్క వేరు. స్వయంగా దిగదలచినవారే గాక, యిందుకు అప్పు యివ్వదలచినవారూ, సామాను అమ్మదలచినవారూ దీని గుణగుణాలు ముందే తెలుసుకోవడం మంచిది.

పద్ధతి పాతదే, లెక్క కొత్తది. 1980 దశకంలో వర్జిన్ దీవుల విశ్వవిద్యాలయంలో జేమ్స్ రాకోసీ బృందం చేపకు వేసే మేతకూ, మొక్కలు పెరిగే విస్తీర్ణానికీ నిష్పత్తి కట్టింది. చిన్న యూనిట్ల కోసం ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2014లో ఒక కరదీపిక ప్రచురించింది. కేంద్ర ప్రభుత్వం 2020లో ప్రారంభించిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో, నీటిని శుద్ధిచేసి తిరిగి వాడుకునే పెరటి చేపల యూనిట్‌కు 50 వేల రూపాయల వ్యయం నిర్ణయించి, సాధారణ వర్గాలకు 40 శాతం, మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి 60 శాతం సహాయం చూపారు. అది చేపల యూనిట్ మాత్రమే. కూరగాయల మడి అందులో భాగం కాదు. సబ్సిడీని నమ్ముకుని సామాను కొనే ముందు మత్స్యశాఖ కార్యాలయంలో విచారించడం అవసరం.

పని జరిగే తీరు

చేప తిన్న మేతలో కొంత భాగం అమ్మోనియాగా నీటిలో కలుస్తుంది. అది చేపకు విషం. ఒక రకం సూక్ష్మజీవులు దానిని నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. మరో రకం సూక్ష్మజీవులు నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. యిది మొక్కకు ఎరువు. చేప ఖాతాలో ఖర్చు రాసినది మొక్క ఖాతాలో జమ అవుతుందన్నమాట. ఈ రెండు ఖాతాల మధ్య గుమాస్తా సూక్ష్మజీవి. గుమాస్తా చేరకముందే సరుకు దింపితే నష్టం తప్పదు.

తొలి యూనిట్ కట్టే వరుస

1. చోటు: రోజుకు అయిదారు గంటలు ఎండ తగలాలి. కొబ్బరి చెట్టు కింద పనికిరాదు. నీడతోపాటు కాయ, మట్ట పడే ప్రమాదం వుంది. వాన నీరు నిలిచే పల్లపు పెరడైతే ఎత్తు దిమ్మె కట్టుకోవాలి. 1996 నవంబరు తుపాను చూసిన ప్రాంతానికి గాలి సంగతి వేరే చెప్పనక్కరలేదు. కప్పు గట్టిగా కట్టాలి, లేదా తేలికగా విప్పే వీలుండాలి.

2. తొట్టి, మడి: వేయి లీటర్ల తొట్టికి 3 చదరపు మీటర్ల మడి, 30 సెంటీమీటర్ల లోతు సరిపోతాయి. రసాయనాలు, పురుగుమందులు నిల్వచేసిన పాత డ్రమ్ములు ఎంత చౌకగా వచ్చినా కొనరాదు. కాకి, కొంగ దిగకుండా తొట్టి మీద వల వేయాలి.

3. మడిలో నింపే సరుకు: అర అంగుళం నల్ల కంకర మంచిది. గుప్పెడు కంకర మీద వెనిగర్ పోస్తే నురగ వచ్చిందంటే అందులో సున్నం వుందని అర్థం. అటువంటిది, సముద్రపు గుల్ల కలిసినది వాడరాదు. కొబ్బరి పొట్టు చౌకగా దొరుకుతుంది గదా అని నేరుగా నింపడం పొరపాటు. అందులో ఉప్పు, వగరు పదార్థం వుంటాయి. నారు పోయడానికి కొద్దిగా వాడినా పలుమార్లు కడగాలి.

4. నీరు: సముద్రానికి దగ్గరగా వున్న రాజోలు ప్రాంతపు గ్రామాల్లో బోరు నీరు ఉప్పగా వుండవచ్చు. చేప ఓర్చుకున్నా కూర ఓర్చుకోదు. కాలువ నీటిలో పొలాల మందులు కలిసే అవకాశముంది. పైగా వేసవిలో కాలువలు కట్టివేసే రోజులున్నాయి. నిల్వచేసిన వాన నీరు శ్రేష్ఠం. కుళాయి నీరైతే క్లోరిన్ పోవడానికి ఒకటి రెండు రోజులు గాలి పట్టించాలి.

5. మోటారు: తొట్టి నీరంతా గంటకు ఒకసారి మడిలోకి ఎక్కి దిగాలి. గాలి పంపు వేరుగా వుండాలి, దానికి బ్యాటరీ ఆధారం వుండాలి. రాత్రి కరెంటు పోయి తెల్లవారేసరికి చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే ప్రాణవాయువు తగ్గిందని గుర్తు.

6. నిరీక్షణ: ప్రారంభకులు ఎక్కువగా చెడేది యిక్కడే. తొట్టి నిండిన రోజునే చేప పిల్లలను వదలరాదు. రోజూ చిటికెడు మేత నీటిలో వేసి కుళ్లనిస్తూ, పరీక్ష కిట్‌తో అమ్మోనియా, నైట్రైట్ చూస్తుండాలి. రెండూ పెరిగి, తగ్గి, నైట్రేట్ కనిపించేవరకు ఆగాలి. ఇందుకు 25 నుంచి 40 రోజులు పడుతుంది.

7. చేప: శీలావతి, బొచ్చె చెరువు సరుకు. తొట్టికి ఒప్పవు. గాలి పీల్చి తట్టుకోగల పంగసియస్ ప్రారంభకులకు నయం. కొర్రమీనుకు ధర వున్నా చిన్నదానిని పెద్దది తింటుంది. తిలాపియా పెంపకానికి అనుమతి కావాలి. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ నిషిద్ధం.

8. మొక్క: తొలి ఆరు నెలలు తోటకూర, బచ్చలి, గోంగూర వంటి ఆకుకూరలే మేలు. వంగ, మిర్చి, టమాటా ఎక్కువ పోషకాలు కోరతాయి. మడి మీద పురుగుమందు చల్లితే అది నేరుగా చేపకు చేరుతుంది. రోజులు గడిచేకొద్దీ నీటిలో ఆమ్లత్వం పెరుగుతుంది. పి.హెచ్. 6కు దిగకుండా సున్నపు నీరు కొద్దికొద్దిగా కలపాలి. ఒక్కసారే పోస్తే మిగిలిన అమ్మోనియా మరింత విషమవుతుంది.

మేత తూకమే అసలు తూకం

ఆకుకూరల మడికి చదరపు మీటరుకు రోజుకు 40 నుంచి 50 గ్రాముల మేత లెక్క. 3 చదరపు మీటర్లకు గరిష్ఠంగా 150 గ్రాములు. ఎదిగిన చేపకు దాని బరువులో ఒక శాతం మేత అనుకుంటే, 150 గ్రాములు 15 కిలోల చేపకు సరిపోతాయి. అంటే అర కిలో చేపలు 30. ఆశకు పోయి వంద పిల్లలు వదిలితే సూక్ష్మజీవి శుద్ధిచేయలేదు, మొక్క తినలేదు, చేప బతకదు.

జమా ఖర్చు

ఎనిమిది నెలల్లో 15 కిలోల చేప తీసినట్టు ఉదాహరణ తీసుకుందాం. కిలో చేపకు కిలోన్నర మేత చొప్పున 22న్నర కిలోల మేత కావాలి. 40 వాట్ల మోటారు, 10 వాట్ల గాలి పంపు పగలూ రాత్రీ నడిస్తే రోజుకు 1.2 యూనిట్లు, 240 రోజులకు 288 యూనిట్లు. కిలో చేప మీద 19 యూనిట్ల కరెంటు పడుతుంది.

పెట్టుబడి 20 వేల రూపాయలు, అయిదేళ్ల మన్నిక, నూటికి 12 వడ్డీ అనుకుంటే ఏడాదికి తరుగు 4,000, వడ్డీ 2,400, మొత్తం 6,400 రూపాయలు. అందులో ఎనిమిది నెలల వాటా సుమారు 4,270. అంటే మేత, కరెంటు, పిల్ల ధర వేయకముందే కిలో చేప మీద 285 రూపాయల భారం వుంది. చెరువు చేపకు యింత భారం వుండదు. ఎదురుగా జమ వైపు చూస్తే, నేల మీద ఎకరాకు 4 టన్నుల తోటకూర వస్తుందనుకుంటే చదరపు మీటరుకు కిలో. మొదటి నెల పోగా ఏడు కోతలకు 21 కిలోలు. మడిలో దీనికి రెట్టింపు పండినా 42 కిలోలు. ఆ కూర అమ్మి యీ భారం తీర్చడం కష్టం.

కాబట్టి తేలేదేమిటంటే, ఒక్క తొట్టి యూనిట్ యింటి కూరకు, పని నేర్చుకోవడానికి సరిపోతుందే గాని బజారు సరుకు కాదు. ‘నెలకింత రాబడి’ అని చెప్పి లక్షల రూపాయల సామాను అంటగట్టేవారిని మేత తూకం, కరెంటు యూనిట్లు, చేప బరువు అనే మూడు అంకెలు రాసి యిమ్మని అడగాలి. యివ్వలేనివారితో బేరం అనవసరం.

వర్తకులకు మరో దారి

కడిగి ఉప్పు తీసిన కొబ్బరి పొట్టుకు మట్టి లేని సాగులో దేశ విదేశాల్లో వాడకం వుంది. తమిళనాడులోని పొల్లాచ్చి యీ సరుకుకు పేరు పొందింది. పీచు తీయగా మిగిలిన పొట్టు కోనసీమలోనూ వుంది. అయితే కొనుగోలుదారు మొదట అడిగేది ఉప్పు పరీక్ష ఫలితం. బరువు, ధర ఆ తరువాతి మాట. కడగడానికి మంచినీరు, ఆరబెట్టడానికి చోటు, యిటుకగా నొక్కే యంత్రం, ప్రతి లోడుకూ పరీక్ష కాగితం వుంటేనే పొట్టు సరుకవుతుంది.

చేపల విషయంలో సందేహాలకు కాకినాడలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ కేంద్రాన్ని, కొబ్బరి విషయంలో అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానాన్ని సంప్రదించవచ్చు. పెరటి యూనిట్ పెట్టదలచినవారు ఒక్క తొట్టితో ప్రారంభించి, మేత, కరెంటు, చచ్చిన చేపలు, కోసిన కూర రోజువారీ చిట్టాలో రాసుకోవాలి. ఏడాది చిట్టా ముగించి చూసుకున్న తరువాతనే రెండో తొట్టి మాట తలపెట్టడం క్షేమం.