సర్వస్వ పందెం: ఒప్పుకొనే ముందు రెండు ప్రశ్నలు

పేకముక్కలు ఎరుగని తెలుగు లోగిలి అరుదు. పెళ్ళి విడిదిలోనూ, పండుగ సెలవులలోనూ, ఇక్కడ బహ్రెయిన్‌లో మనవారు కలుసుకొనే వారాంతపు సాయంత్రాలలోనూ రమ్మీ సాగుతూనే ఉంటుంది. మన పిల్లలు మాత్రం పోకర్ అనే మరొక ఆటను గురించి అడుగుతున్నారు. ఆ ఆటలో ఒక ఘట్టం వారిని ఎక్కువగా ఆకర్షిస్తుంది. ఎదుటి ఆటగాడు తన ముందున్నదంతా ఒక్కసారిగా బల్ల మధ్యకు నెట్టి "ఆల్ ఇన్" అంటాడు. ఇప్పుడు మనం సరితూగే పందెం ఒడ్డి "కాల్" అనాలా, లేక ముక్కలు పడవేసి తప్పుకోవాలా? ఇది ధైర్యానికి సంబంధించిన విషయమని పిల్లలు భావిస్తారు. నిజానికి ఇది గణితానికీ, వివేకానికీ సంబంధించిన విషయం.

ముందుగా ఒక మాట. బహ్రెయిన్ చట్టం జూదాన్ని నిషేధిస్తుంది. మన దేశంలో 1967 నవంబరులో, సికింద్రాబాదులోని ఒక క్లబ్బుకు సంబంధించిన కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంపై ఆధారపడిన ఆట అనీ, మూడు ముక్కలాట వంటిది కేవలం అదృష్టంపై నడిచేదనీ సుప్రీంకోర్టు భేదం చూపింది. అయినప్పటికీ డబ్బు ఒడ్డి ఆన్‌లైన్‌లో ఆడే రమ్మీ, పోకర్ ఆటలను తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ నిషేధించాయి. 2025లో భారత పార్లమెంటు ఆన్‌లైన్ డబ్బు ఆటలన్నింటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. కనుక ఈ వ్యాసంలో చెలామణి అయ్యే నాణెం చింతపిక్క మాత్రమే. లెక్కకు దానివల్ల లోటేమీ లేదు.

మొదటి ప్రశ్న: ధర సరియైనదేనా?

ఆట పద్ధతి క్లుప్తంగా ఇది. ప్రతి ఆటగానికి రెండు రహస్యపు ముక్కలు ఇస్తారు. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు పరుస్తారు: మొదట మూడు, తరువాత ఒకటి, చివరగా మరొకటి. ఈ ఏడింటిలో ఉత్తమమైన ఐదు ముక్కల కూర్పు ఎవరిదైతే వారిదే గెలుపు. ప్రతి దశలోనూ పందేలు సాగుతాయి.

మన చేతిలో ఆఠీను ఆసు, ఆఠీను తొమ్మిది ఉన్నాయనుకొందాం. బల్ల మీద నాలుగు ముక్కలు పడ్డాయి: ఆఠీను రాజు, ఆఠీను నాలుగు, ఇస్పేటు ఏడు, డైమను జాకీ. ఇంకొక ఆఠీను పడితే ఒకే జాతివి ఐదు ముక్కలై మనకు ఫ్లష్ వస్తుంది. 52 ముక్కలలో మనం చూచినవి 6. చూడనివి 46. పదమూడు ఆఠీన్లలో నాలుగు కనబడుతున్నాయి గనుక మిగిలినవి 9. అనగా మనకు కావలసిన ముక్క పడే సంభావ్యత 9/46, దాదాపు 19.6 శాతం.

బల్ల మధ్య పోగులో 60 చింతపిక్కలు ఉన్నాయి. ఎదుటివాడు తన 40 పిక్కలూ ఒడ్డాడు. మనం 40 పెడితే పోగు మొత్తం 140 అవుతుంది. అందులో మన వాటా 40/140, అంటే 28.6 శాతం. ఇదే ఈ పందెం ధర. గెలిచే అవకాశం ఈ ధర కంటె తక్కువగా ఉంది కనుక తప్పుకోవడమే న్యాయం. అదే పోగులో ముందే 160 పిక్కలు ఉన్నట్లయితే, మన 40తో మొత్తం 240 అవుతుంది. ధర 16.7 శాతానికి దిగుతుంది. అప్పుడు ఒప్పుకోవడం లాభదాయకం. ముక్కలు మారలేదు, ఎదుటివాని పందెమూ మారలేదు. మారినది ధర ఒక్కటే.

ఇట్టి పందెం అనేకసార్లు ఆడితే సగటున ఏమి మిగులుతుందో కూడ చూడవచ్చు. మొదటి సందర్భంలో 46 ఆటలలో 9 సార్లు నూరేసి పిక్కలు వస్తాయి, 37 సార్లు నలభయ్యేసి పోతాయి. రాబడి 900, పోబడి 1480. ఆటకు సుమారు 12.6 పిక్కల నష్టం. రెండవ సందర్భంలో రాబడి 1800, పోబడి అదే 1480. ఆటకు దాదాపు 7 పిక్కల లాభం. మధ్యలో ఆగిపోయిన ఆటలో పందెపు సొమ్మును ఎట్లు పంచాలన్న సమస్యపై పాస్కల్, ఫెర్మా 1654లో వ్రాసుకొన్న లేఖలలోనే ఈ సగటు లెక్కకు పునాది పడింది.

కనబడని ముక్కలు

పై లెక్కలో ఒక ఊహ దాగి ఉంది: ఫ్లష్ వస్తే మనం తప్పక గెలుస్తామని. ఎదుటివాని చేతిలో రెండు ఏడులు ఉంటే? బల్ల మీది ఏడుతో కలిసి అతనికి మూడు ఏడులు. అప్పుడు ఆఠీను జాకీ పడినా మనకు మేలు లేదు. బల్ల మీద జాకీలు రెండై అతనికి ఫుల్ హౌస్ వస్తుంది, అది ఫ్లష్‌ను మించుతుంది. ఆఠీను ఏడు కూడ పనికిరాదు. అది అతని చేతిలోనైనా ఉండాలి, లేక బల్ల మీద పడి అతనికి నాలుగు ఏడులైనా కావాలి. మిగిలిన 44 ముక్కలలో మనకు నికరంగా పనికివచ్చేవి 7 మాత్రమే. అవకాశం 15.9 శాతం. 240 పిక్కల పోగులో సైతం ఇది 16.7 కంటె తక్కువ. తప్పుకోవలసినదే!

అతని వద్ద ఉన్నది జాకీల జత మాత్రమే అయితే (రెండవ ముక్క ఆసు కాదు, అతని ముక్కలలో ఆఠీను లేదు అనుకొందాం) తొమ్మిది ఆఠీన్లకు తోడు మిగిలిన మూడు ఆసులూ మనకు పనికివస్తాయి. 44లో 12, అంటే 27.3 శాతం. ఈ రెండింటిలో ఏది నిజమో మనకు తెలియదు. రెండూ సమానంగా సాధ్యమని తోస్తే సగటు 21.6 శాతం. పెద్ద పోగుకు ఒప్పుకోవచ్చు. మూడు ఏడులు ఉండడమే దాదాపు ఖాయమని తోస్తే ఒప్పుకోరాదు.

ఎదురెదురుగా కూర్చుని ఆడే ఆటలో ఈ అంచనాకు ఆధారాలు లభిస్తాయి. అతడు తొలి దశల నుండి పందెం పెంచుతూ వచ్చాడా? సాయంత్రమంతా ఎన్నిసార్లు ఇట్లు సర్వస్వం ఒడ్డాడు? ముక్కలు చూపినప్పుడు ఎట్టివి చూపాడు? వేళ్ళ వణుకు, ముఖంలో మార్పు బలహీనమైన సాక్ష్యాలు. మంచి ముక్కలు వచ్చిన ఆనందానికీ చేయి వణకవచ్చు. ప్రయోగశాలలో ఒక్క కొలతను నమ్మి ఫలితం ప్రకటించము. ఇక్కడా అంతే. ఒక్క చూపును బట్టి కాక, పందేల చరిత్రను బట్టి అంచనా వేయాలి.

కనిపించినదానిని బట్టి కనిపించనిదానిని లెక్కగట్టే విద్య మనకు కొత్తది కాదు. నన్నయ తెనిగించిన అరణ్యపర్వ భాగంలోని నలోపాఖ్యానంలో ఋతుపర్ణుడు తాండ్ర చెట్టు ఆకులను, కాయలను రథం మీద నుండే అంచనా వేసి చెబుతాడు. బాహుకుడై ఉన్న నలుడు చెట్టును కూల్చి లెక్కించి ఆశ్చర్యపడతాడు. ఆ రాజు వద్దనే అతడు అక్షహృదయం అనే పాచికల విద్యను గ్రహిస్తాడు. లెక్కకూ పాచికకూ గల చుట్టరికాన్ని మన కథకులు అంత పూర్వమే గుర్తించారు.

రెండవ ప్రశ్న: ఓడితే నిలువగలమా?

ధర సరియైనంత మాత్రాన పందెం ఒప్పుకోవచ్చునా? ఒక ఉదాహరణ చూడండి. గెలిస్తే సొమ్ము రెట్టింపు, ఓడితే పోతుంది. గెలిచే అవకాశం 60 శాతం. ఇంతకంటె లాభకరమైన పందెం దొరకడం కష్టం. అయినా ప్రతిసారీ ఉన్నదంతా ఒడ్డేవాడు పదిసార్లూ గెలిచి నిలిచే సంభావ్యత 0.6 శాతమే. వేయిమందిలో ఆరుగురు కోటీశ్వరులు, మిగిలినవారు బికారులు. బెల్ ప్రయోగశాలల శాస్త్రజ్ఞుడు జాన్ కెల్లీ 1956లో ప్రకటించిన సూత్రం ప్రకారం ఇట్టి పందెంలో ఒడ్డవలసినది ఉన్నదానిలో ఐదవ వంతు మాత్రమే. అప్పుడు ఓడినా మరునాటి ఆటకు మిగులుతుంది.

ఈ దీవి చరిత్రలోనే దీనికి సాక్ష్యం ఉంది. చమురుకు ముందు బహ్రెయిన్ బ్రతుకుతెరువు ముత్యాలు. మునిగేవారు పడవ నాయకుడైన నఖుదా వద్ద ముందే అప్పు తీసుకొని సముద్రంలోకి వెళ్ళేవారు. నఖుదాలు వర్తకుల వద్ద అప్పుపడేవారు. అందరి సర్వస్వమూ ఒకే సరుకు మీద నిలిచింది. జపాను పెంపుడు ముత్యాలు, 1929 తరువాతి ప్రపంచ ఆర్థిక మాంద్యం కలిసి వచ్చినప్పుడు ఆ వ్యాపారం కుప్పకూలింది. వారి నైపుణ్యంలో లోపం లేదు. ఓటమికి తట్టుకొనే మిగులు లేదు. 1932లో జెబెల్ దుఖాన్ వద్ద చమురు పడడం దీవికి దక్కిన కొత్త ముక్క. అట్టి ముక్క ప్రతివారికీ పడదు. 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించిన ముహర్రఖ్ ముత్యాల బాటలో నడిచేటప్పుడు ఈ సంగతి పిల్లలకు చెప్పదగినది.

ప్రవాసంలో ఉన్న మనకు ఈ రెండవ ప్రశ్న మరీ ముఖ్యం. ఏళ్ళ తరబడి దాచిన దీనార్లు, ఉద్యోగం విడిచేటప్పుడు చేతికందే మొత్తం, వీటిని చూచి "రెండేళ్ళలో మూడింతలు, ఉన్నదంతా పెట్టండి" అనే మిత్రులు ఎదురౌతారు. అదీ ఆల్ ఇన్ పిలుపే. పేకలో 52 ముక్కలని తెలుసు. ఆ పథకంలో ఎన్ని ముక్కలో, ఎవరు కలిపారో తెలియదు. మొదటి ప్రశ్నకే సమాధానం దొరకని చోట రెండవ ప్రశ్నను మరువరాదు. పిల్లల చదువు, ఇంటి అద్దె, తిరుగు ప్రయాణపు ఖర్చు పోగులోనికి నెట్టరాని పిక్కలు. ధర్మరాజు ఓటమి పాచికలలోనే లేదు. ఒడ్డరానివానిని ఒడ్డడంలో ఉంది.

చివరగా ఒక హెచ్చరిక. సరిగా లెక్కించి ఒప్పుకొన్నవాడు ఓడిపోవచ్చు, లెక్కించనివాడు గెలవవచ్చు. ఒక్క ఆట ఫలితాన్ని బట్టి నిర్ణయం మంచిచెడ్డలు తేల్చరాదు. ఆ సమయానికి తెలిసిన విషయాలను బట్టి తేల్చాలి. పరీక్షలో పిల్లవానికి మార్కులు తగ్గినప్పుడు కూడ ఈ మాట గుర్తుంచుకోదగినది.

పిల్లలకు అభ్యాసం

మీ చేతిలోనూ బల్ల మీదా కలిపి 5, 6, 7, 8 వరుసగా ఉన్నాయి. ఒక్క ముక్క పడవలసి ఉంది. నాలుగు గాని తొమ్మిది గాని పడితే వరుస పూర్తయి మీదే గెలుపు అనుకోండి. పోగులో 90 పిక్కలు ఉన్నాయి, ఎదుటివాడు తన 30 పిక్కలూ ఒడ్డాడు. ఒప్పుకొంటారా? పోగులో ముందే 150 ఉంటే?

సమాధానం: నాలుగులు 4, తొమ్మిదులు 4, మొత్తం 8. అవకాశం 8/46, అంటే 17.4 శాతం. మొదటి సందర్భంలో ధర 30/150, 20 శాతం, తప్పుకోవాలి. రెండవదానిలో 30/210, 14.3 శాతం, ఒప్పుకోవచ్చు, అవి చింతపిక్కలే అయినంత వరకు.