వేలంలో చవగ్గా పాత అంబాసిడర్: పాట పాడే ముందు ఏం చూడాలి, కొన్నాక ఏది ముందు చేయాలి?

రీఫర్బిష్డ్ ఫోన్ కొనేటప్పుడు మనం ఎంత జాగ్రత్తగా ఉంటామో మీకు తెలుసు. ఐఎంఈఐ చెక్ చేస్తాం, బ్యాటరీ హెల్త్ చూస్తాం, డిస్‌ప్లే మార్చారా అని స్క్రూలు కూడా గమనిస్తాం. అదే వేలంలో పాత అంబాసిడర్ కనబడితే మాత్రం "ఇంత తక్కువకా!" అనుకుని చెయ్యెత్తేస్తాం. ఫోన్ విషయంలో తప్పు జరిగితే పోయేది పది, పదిహేను వేలు. కారు విషయంలో లక్షలు పోతాయి. బ్రేకులు పని చేయకపోతే ఇంకా పెద్ద నష్టమే జరుగుతుంది.

మా సోమందేపల్లె ఎన్‌హెచ్ 44 పక్కనే ఉంటుంది. దగ్గర్లోని ఎర్రమంచిలో 2019 నుంచి కియా ప్లాంట్‌లో కార్లు తయారవుతున్నాయి. కొత్త కార్లు లారీల మీద వరుసగా వెళ్తుంటే, ఇక్కడి కుర్రాళ్లలో కొందరి మనసు మాత్రం పాత అంబాసిడర్ మీదే ఉంది. అలాంటివాళ్ల కోసమే ఈ ఆర్టికల్. ముందు కాగితాలు చూడాలి, తర్వాత రేకు, ఆ తర్వాత బ్రేకులు. ఇంజిన్ వీటి తర్వాతే. పెయింట్ అన్నిటికంటే చివర్లో.

ముందు కారు గురించి కొంచెం

ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 డిజైన్ తీసుకుని హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర్లో అంబాసిడర్ తయారీ మొదలుపెట్టింది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014 మే వరకు తయారైంది. చాలా ఏళ్లు 1489 సీసీ బీఎంసీ పెట్రోల్ ఇంజిన్ వాడారు. తర్వాత అదే సైజులో డీజిల్ ఇంజిన్, 1990ల్లో 5 గేర్లతో ఇసుజు 1.8 లీటర్ ఇంజిన్ వచ్చాయి. వేలం లిస్టులో ఊరికే "అంబాసిడర్" అని ఉంటే సరిపోదు. ఏ ఇంజిన్ అన్నది తెలియాలి, ఎందుకంటే స్పేర్లు వేరు, ఖర్చు కూడా వేరు.

స్టెప్ 1: అది ఏ రకం వేలం?

ఇక్కడ చాలామందికి తెలియని రూల్ ఒకటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ శాఖలు, కార్పొరేషన్లు, ప్రభుత్వ రంగ సంస్థల వాహనాలకు 15 ఏళ్లు దాటితే రిజిస్ట్రేషన్ రెన్యూవల్ లేదు. అప్పటికే రెన్యూవల్ అయి ఉన్నా 15 ఏళ్లు నిండితే రద్దయినట్టే. అలాంటి వాటిని రిజిస్టర్డ్ స్క్రాపింగ్ సెంటర్ల ద్వారానే వదిలించుకోవాలి. అంటే కలెక్టరాఫీసు షెడ్డులోని తెల్ల అంబాసిడర్‌ని పాడుకుని, బాగుచేసి తిప్పుకునే దారి దాదాపు మూసుకుపోయింది. ఆఖరి బ్యాచ్ అంబాసిడర్‌కి కూడా 2029లో 15 ఏళ్లు నిండుతాయి.

కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ ఇ-వేలం లిస్టు చూసేటప్పుడు మొదట చదవాల్సింది ధర కాదు, "ఎవరు పాడొచ్చు" అన్న లైన్. స్క్రాపింగ్ సెంటర్లకు మాత్రమే అని ఉంటే ఆ లాట్ వదిలేయండి.

మిగిలినవి పోలీసులు అమ్మే క్లెయిమ్ కాని వాహనాలు, ఫైనాన్స్ వాళ్లు జప్తు చేసినవి, ఇన్సూరెన్స్ కంపెనీల దగ్గర మిగిలినవి, ప్రైవేటు వేలాలు. పట్టుకున్న వాహనాలను పోలీస్ స్టేషన్లలో ఏళ్ల తరబడి పడేసి ఉంచొద్దని, ఎవరూ తీసుకోకపోతే కోర్టు ఆదేశంతో వేలం వేయొచ్చని సుప్రీంకోర్టు 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. కాబట్టి పోలీసు వేలంలో కొంటే ఆ ఆదేశం కాపీ మీ చేతికి రావాల్సిందే.

స్టెప్ 2: కాగితాలు అంటే కారు ఐఎంఈఐ

• ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ మీ కళ్లతో చూసి ఫోటో తీయండి. ఆర్‌సీలో ఉన్నవాటితో ఒక్కో అక్షరం పోల్చండి. ఇంజిన్ మార్చి ఉంటే అది ఆర్‌సీలో ఎక్కిందో లేదో చూడండి.

• ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబర్ కొట్టి రిజిస్ట్రేషన్ గడువు, ఫైనాన్స్ బాకీ, బ్లాక్‌లిస్ట్ వివరాలు చూసుకోండి.

• బహిరంగ వేలంలో కొన్న బండికి ఫారం 32 వాడాలి. మామూలు కొనుగోలులో పెట్టే ఫారం 29, 30 ఇక్కడ పనికిరావు. బండి చేతికొచ్చిన 30 రోజుల్లోపు అప్లై చేయాలి. ఆర్‌సీ, ఇన్సూరెన్స్‌తో పాటు మీ పేరిట అమ్మకం ఖరారైందని వేలం అధికారి సంతకం చేసిన పత్రం కావాలి.

• మనకి కర్ణాటక బోర్డర్ పక్కనే. బండి కర్ణాటకదైతే అక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ ట్యాక్స్ కట్టి కొత్త నంబర్ తీసుకోవాలి. ఈ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

• ప్రైవేటు కారుకి 15 ఏళ్లు దాటితే ఫిట్‌నెస్ పాసై, 5 ఏళ్లకోసారి రెన్యూవల్ చేయించాలి.

"వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిస్తే సరిపోతుంది కదా" అని కొందరు అంటారు. 2021లో వచ్చిన ఆ రూల్స్ మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఒరిజినల్ రూపంలోనే ఉన్న వాహనాలకే. నంబర్ ప్లేటులో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అని వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000, రీ-రిజిస్ట్రేషన్‌కి 5,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. కానీ ఆ బండిని రోజూ తిప్పకూడదు. 1995 మోడల్ అంబాసిడర్‌కి ఇది వర్తించదు.

స్టెప్ 3: రేకు చూడండి, రంగు కాదు

అంబాసిడర్‌కి లారీలాగా విడిగా ఛాసిస్ ఫ్రేమ్ ఉండదు. బాడీయే నిర్మాణం. ఫ్లోర్, తలుపుల కింద ఉండే సిల్స్, జాకీ పాయింట్లు, వెనక కమాన్ కట్టలు బిగించే చోట్లు తుప్పు పట్టి ఉంటే అది పైపై రిపేరు కాదు.

చెకింగ్‌కి రెండు చవక గ్యాడ్జెట్లు చాలు. ఒకటి అయస్కాంతం. పలచని గుడ్డ చుట్టి బాడీ మీద జరుపుతూ పోండి. ఎక్కడ పట్టు వదిలితే అక్కడ పెయింట్ కింద పుట్టీ దట్టంగా ఉన్నట్టు. రెండోది ఫోన్‌కి ఓటీజీతో తగిలించే బోరోస్కోప్ కెమెరా. సిల్స్‌లోని చిల్లుల గుండా పంపితే లోపలి తుప్పు స్క్రీన్ మీద కనబడుతుంది.

మన ప్రాంతపు బండికి ఇక్కడ ఒక ప్లస్, ఒక మైనస్. అనంతపురం ప్రాంతంలో సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. కాబట్టి కోస్తా బండ్లతో పోలిస్తే తుప్పు తక్కువ. కానీ ఈ ఎండకి రబ్బరు ఎండిపోయి పగులుతుంది. డోర్ బీడింగులు, హోస్ పైపులు, వైర్ల తొడుగులు, టైర్లు అన్నీ అనుమానించాల్సినవే. టైరు పక్కన ఓవల్ గుర్తులో 4 అంకెలుంటాయి. 2311 అంటే 2011లో 23వ వారం తయారీ. గుండీలు నిండుగా ఉన్నా ఆ వయసు టైరు పనికిరాదు.

స్టెప్ 4: పాట లిమిట్ ముందే రాసుకోండి

వేలం షరతు ఎప్పుడూ "ఉన్నది ఉన్నట్టే, ఉన్న చోటే". ధరావతు సొమ్ము ముందే కట్టాలి, పాట మీద ట్యాక్సులు అదనం, గడువులోపు తీసుకెళ్లకపోతే అద్దె పడొచ్చు. ఈ లెక్క చూడండి. అంకెలు ఉదాహరణకి మాత్రమే, మీ ఊరి రేట్లు వేసుకోండి.

• ఇలాంటిదే మంచి కండిషన్‌లో నడుస్తున్న బండి ధర: 2,50,000
• బ్రేకులు, టైర్లు, బ్యాటరీ, వైరింగ్: 50,000
• టింకరింగ్, పెయింట్: 70,000
• ఇంజిన్, రేడియేటర్: 40,000
• ట్రాన్స్‌పోర్ట్, ట్యాక్సులు, ఆర్‌టీఓ: 25,000
• రిపేర్ల మొత్తం 1,60,000 మీద 30 శాతం అదనపు రిజర్వ్: 48,000

ఖర్చులు మొత్తం 2,33,000. అంటే మీ పాట 17,000 దాటకూడదు! 60 వేలకి పాడి "చవగ్గా వచ్చింది" అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. తాత నడిపిన బండి మోడల్ అని ఇష్టంతో ఎక్కువ పెడతారా, పెట్టండి. కానీ ఎంత ఎక్కువ పెడుతున్నారో తెలిసి పెట్టండి.

స్టెప్ 5: స్టార్ట్ అవ్వడం కంటే ముందు ఆగడం

బండి ఇంటికి రాగానే సెల్ఫ్ కొట్టి వీడియో తీయాలనిపిస్తుంది. ఆగండి. మొదటి పని బ్రేకులు. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, రబ్బరు కప్పులు, హోస్‌లు అన్నీ చూడాలి. ఏళ్లుగా నిలబడ్డ బండిలో రబ్బర్లు మార్చేయడమే మంచిది. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది కాబట్టి పాతది మొత్తం తీసేసి కొత్తది పోయాలి.

రెండు సేఫ్టీ రూల్స్. పాత బ్రేక్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, అందుకే డ్రమ్ములోని దుమ్ముని కంప్రెసర్ గాలితో ఊదకూడదు. మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడవాలి. అలాగే ఒట్టి జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి ఎప్పుడూ దూరకండి, స్టాండ్లు తప్పనిసరి.

స్టెప్ 6: ఇంజిన్‌ని నిద్ర లేపే పద్ధతి

ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్‌లో కొంచెం ఇంజిన్ ఆయిల్ వేసి ఒక రోజు వదిలేయండి. తర్వాత చేత్తో తిప్పి చూడండి. ఫ్రీగా తిరిగితే ఆయిల్, ఫిల్టర్ మార్చి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ తిప్పి ఆయిల్ ప్రెషర్ రానివ్వండి. పాత ట్యాంకులోని పెట్రోల్ వాడకండి, అడుగున మడ్డి ఉంటుంది. విడిగా క్యాన్‌లో కొత్త పెట్రోల్ పెట్టి టెస్ట్ చేయండి.

ఈ బండికి ఓబీడీ పోర్ట్ లేదు. యాప్ వచ్చి ఎర్రర్ కోడ్ చెప్పదు. దాని బదులు కంప్రెషన్ టెస్ట్ ఉంది. నాలుగు సిలిండర్ల రీడింగులు రాసుకోండి. అంకె ఎంత వచ్చిందన్నదానికంటే వాటి మధ్య తేడా ముఖ్యం. ఒకటి బాగా తగ్గితే అందులో చెంచాడు ఆయిల్ వేసి మళ్లీ కొలవండి. రీడింగ్ పెరిగితే రింగుల సమస్య, పెరగకపోతే వాల్వుల సమస్య. పక్కపక్కన రెండు తగ్గితే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం.

పెట్రోల్ గురించి రెండు మాటలు. దేశమంతటా సీసం కలిపిన పెట్రోల్ 2000లో ఆగిపోయింది. దానికోసం డిజైన్ చేసిన పాత ఇంజిన్ హెడ్ విప్పితే, లేత్ షాపులో గట్టి వాల్వ్ సీట్లు వేయించండి. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్. ఇది పాత రబ్బరు పైపుల్ని, డయాఫ్రమ్‌ని దెబ్బతీస్తుంది. ఇథనాల్ తట్టుకునే పైపులు వేయించండి, లేదంటే వేడి ఇంజిన్ మీద పెట్రోల్ లీకయ్యే ప్రమాదం ఉంది. బండిలో చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకోండి.

స్టెప్ 7: మన బోరు నీళ్లు రేడియేటర్‌కి శత్రువు

మన దగ్గర చాలా ఇళ్లలో నీటి టీడీఎస్ మీటర్ ఉంటుంది. బోరు నీళ్లలో పెట్టి రీడింగ్ చూడండి. ఆ లవణాలే రేడియేటర్ గొట్టాల్లో గార కడతాయి. గార కట్టిన రేడియేటర్‌తో ఏప్రిల్ ఎండలో పెనుకొండ దాకా కూడా నమ్మకంగా వెళ్లలేం. రివర్స్ ఫ్లష్ చేయించి, డిస్టిల్డ్ వాటర్‌తో కూలెంట్ కలిపి పోయండి. ఇంజిన్ వేడెక్కాక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో రేడియేటర్ మీద అక్కడక్కడా కొలవండి. మధ్యలో చల్లగా ఉండిపోయిన మచ్చ కనబడితే అక్కడ గొట్టాలు మూసుకుపోయినట్టే.

స్టెప్ 8: బ్లూటూత్ స్టీరియో పెట్టే ముందు

1950, 60ల బ్రిటిష్ డిజైన్ కార్లలో కొన్నింటికి బ్యాటరీ పాజిటివ్ వైరు బాడీకి కలిపి ఉంటుంది. అలాంటి దాంట్లో ఇప్పటి స్టీరియో నేరుగా బిగిస్తే షార్ట్ అవుతుంది. ముందు మల్టీమీటర్‌తో ఏది ఎర్త్ అన్నది తేల్చుకోండి. ఆల్టర్నేటర్ ఉన్న బండిలో, బ్యాటరీ ఫుల్‌గా ఉంటే ఇంజిన్ ఆపినప్పుడు 12.6 వోల్టుల దగ్గర, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. పాత వైరింగ్‌లో ఫ్యూజులు చాలా తక్కువ. మీరు పెట్టే ప్రతి గ్యాడ్జెట్‌కి విడిగా ఫ్యూజు వేయండి, బ్యాటరీకి కట్-ఆఫ్ స్విచ్ పెట్టండి.

చివరగా పెయింట్

అన్నీ అయ్యాకే రంగు. ముందే వేస్తే టింకరింగ్ షెడ్డులో మళ్లీ గీతలు పడతాయి. రంగు మారిస్తే ఆర్‌సీలో కూడా మార్పించాలి. విప్పిన ప్రతి పార్టునీ ఫోటో తీసి, లేబుల్ రాసి, కవర్లో వేయండి. ఒకేసారి ఒకే మార్పు చేసి టెస్ట్ చేయండి. కోడ్ డీబగ్ చేసేటప్పుడు మనం చేసేదే ఇది. తీసేసిన ఒరిజినల్ పార్టులు పారేయొద్దు. రేపు 50 ఏళ్లు నిండాక వీఏ నంబర్‌కి అప్లై చేయాలంటే బండి ఒరిజినల్‌గా ఉండాలి.

మొదటి డ్రైవ్ హైవే మీద వద్దు. ఇన్సూరెన్స్ చేతిలో పెట్టుకుని, ఊరి బయట ఖాళీ రోడ్డు మీద రెండో గేర్‌లో వెళ్లి పది సార్లు బ్రేక్ వేయండి. పది సార్లూ బండి పక్కకి లాగకుండా నేరుగా ఆగితే, ఎన్‌హెచ్ 44 గురించి అప్పుడు ఆలోచిద్దాం.