సూది పట్టిన తల్లి – తోడు నిలిచిన ఇల్లు



"మీ ఆవిడ ఏమి చేస్తారండీ?" అని అడిగితే చాలామంది భర్తలు చెప్పే జవాబు ఒకటే. "ఏమీ లేదండీ, ఇంట్లోనే ఉంటుంది. ఖాళీ దొరికితే ఏవో కుట్లూ, అల్లికలూ చేసుకుంటుంది." ఆ కుట్లూ, అల్లికలూ అమ్మితే వచ్చిన డబ్బుతోనే పిల్లవాడి స్కూలు ఫీజు కట్టి ఉండవచ్చు. జాకెట్లకు మగ్గం వర్కు చేసేవారు, చీరల మీద రంగులు వేసేవారు, లేసు అల్లేవారు మన విచారణలలో ఎందరో ఉన్నారు. పగలంతా పిల్లల పని, వంట పని. అందరూ పడుకున్నాక సూది పని. ఈ రెండింటినీ ఎలా నడుపుకోవాలి? ఈ ప్రశ్న తల్లి ఒక్కదానిదేనా, ఇల్లంతటిదీనా? ఈ వారము ఒక తల్లి జీవితమును ముందు పెట్టుకొని ఈ సంగతి ఆలోచిద్దాము.

లేసు పట్టణములో ఒక తల్లి

చిన్న తెరేజమ్మ గారు మనకందరికీ తెలుసు. ఆమె తల్లి పునీత జెలీ మార్టిన్ గారు ఒక చేతిపని వ్యాపారము నడిపిన స్త్రీ అని ఎందరికి తెలుసు? జెలీ గారు 1831 డిసెంబరు 23న ఫ్రాన్సు దేశములో, నార్మండీ ప్రాంతములోని అలాన్సోన్ పట్టణానికి దగ్గర్లో పుట్టారు. మఠములో చేరాలనుకున్నారు గానీ అక్కడి పెద్దలు చేర్చుకోలేదు. అప్పుడామె ఆ పట్టణానికి పేరు తెచ్చిన లేసు పని చేపట్టి, 1853 ప్రాంతములో తన అక్కతో కలిసి సొంత వ్యాపారము ప్రారంభించారు. 1858 జూలై 13న గడియారాలు బాగుచేసే లూయీ మార్టిన్ గారిని వివాహమాడారు.

అలాన్సోన్ లేసు ఆషామాషీ పని కాదు. తోలు కాగితము మీద నమూనా గీసి, గీతల వెంట సూదితో చిల్లులు గుచ్చుతారు. ఆ గీతల మీద దారము పరచి, వలలాంటి అడుగు భాగమూ, పూలూ, అంచులూ వరుసగా కుడతారు. చివరికి లేసును తోలు నుండి జాగ్రత్తగా విడదీస్తారు. ఒక చదరపు సెంటీమీటరు లేసుకు సుమారు 7 గంటలు పడుతుంది. పని పూర్తిగా నేర్చుకోవడానికి 7 నుండి 10 సంవత్సరాలు కావాలి. 2010లో యునెస్కో ఈ విద్యను మానవజాతి సాంస్కృతిక వారసత్వముగా గుర్తించింది.

జెలీ గారు నమూనాలు ఎంచి, తమ తమ ఇళ్ళలో కుట్టే స్త్రీలకు పని పంచేవారు. గురువారము నాడు వారు ఆమె ఇంటికి వచ్చి, పూర్తయిన ముక్కలు అప్పగించి, కొత్త పని పట్టుకు వెళ్ళేవారు. ఆ ముక్కలను అతుకు కనబడకుండా కలిపి ఒక్క లేసుగా చేయడము జెలీ గారి సొంత చేతిపని.

బిడ్డలు, కన్నీళ్ళు, ఆర్డర్లు

ఈ పని మధ్యనే 1860 నుండి 1873 వరకు ఆమె 9 మంది బిడ్డలను కన్నారు. నలుగురు చిన్నతనములోనే చనిపోయారు. మిగిలిన ఐదుగురూ ఆడపిల్లలే. అందరికంటే చిన్నది తెరేజమ్మ.

జెలీ గారు రాసిన ఉత్తరాలు 200కు పైగా మనకు మిగిలాయి. వాటిలో ఆమె తన కష్టమును దాచుకోలేదు. ఆర్డర్లు ఎక్కువైతే బానిస బ్రతుకైపోతున్నదని వాపోయారు. ఆర్డర్లు తగ్గితే తన దగ్గర పనిచేసే స్త్రీలకు పని ఉండదే అని కలత పడ్డారు. పునీతురాలు కదా, ఆమెకు అంతా నల్లేరు మీద బండి నడకలా సాగిందని మనము అనుకోరాదు.

మరి ఆ ఇల్లు ఎలా నిలబడింది? 1870లో లూయీ గారు తన గడియారాల దుకాణమును మేనల్లుడికి అప్పగించి, భార్య వ్యాపారములోకి వచ్చారు. లెక్కలు చూడడము, ఆర్డర్ల కోసము ప్రయాణాలు చేయడము తన మీద వేసుకున్నారు. భార్య పని భర్త పనికి తోక కాదని ఆయన చేతలతో చెప్పారు. 1873లో పుట్టిన తెరేజమ్మ పాలు లేక ప్రాణాపాయములో పడినప్పుడు, సెమల్లే గ్రామములోని ఒక రైతు స్త్రీ ఆ బిడ్డను తన ఇంట సుమారు ఏడాదిపాటు పాలిచ్చి పెంచింది. జెలీ గారు అన్నీ తానే, తన చేతులతోనే చేయలేదు. చేయలేకపోవడము మంచి తల్లి కాకపోవడము కాదు.

కళ వేరు, వివేకము వేరు

పునీత అక్వినాసు తోమాసు గారు ఒక చక్కని భేదము చూపించారు. చేయవలసిన వస్తువును సరిగా చేసే జ్ఞానము కళ. నడవవలసిన తీరును సరిగా ఎంచుకునే జ్ఞానము వివేకము. కళ చూసేది వస్తువు బాగును. చేసే మనిషి బాగును చూసేది వివేకము.

ఒక ఉదాహరణ చూడండి. పెళ్ళివారి జాకెట్టు రేపటికి ఇవ్వాలి. పూల వరుస ఒకటి సరిగా కుదరలేదు. "విప్పి మళ్ళీ కుట్టు" అంటుంది కళ. అది న్యాయమే, లేకపోతే పని పాడవుతుంది. అదే రాత్రి చంటిబిడ్డకు జ్వరము. ఇప్పుడు ఏది ముందు అన్నది సూది చెప్పలేదు, వివేకము చెప్పాలి. అయితే ఆ వివేకము తల్లికి మాత్రమే ఉండి, భర్త టీవీ ముందు కూర్చుంటే, ఆమె ఒక్కతే రెండు పక్కలా తెగిపోతుంది. జాకెట్టు ఆమె చేతిలో ఉంటే, బిడ్డను ఎత్తుకోవడానికి ఇంకో రెండు చేతులు ఇంట్లో ఉన్నాయి. ఇది ఇల్లంతా కలిసి అలవరచుకోవలసిన సుగుణము.

మన నరసాపురము చెప్పే పాఠము

లేసు మనకు పరాయిది కాదు. 19వ శతాబ్దములో క్రైస్తవ మిషనరీలు గోదావరి ప్రాంతపు స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. అలాన్సోన్ లేసును సూదితో కుడితే, నరసాపురము లేసును కొక్కెము సూదితో అల్లుతారు. 2024లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించింది.

మరియా మీస్ అనే పరిశోధకురాలు ఈ స్త్రీల గురించి 1982లో ఒక పుస్తకము ప్రచురించారు. వారి అల్లిక విదేశాల మార్కెట్టుకు వెళుతున్నది. అయినా వారిని పనిచేసేవారిగా కాక, ఖాళీ వేళలో ఏదో అల్లుకునే గృహిణులుగా చూశారు. అలా చూడడము వల్లనే అంత తక్కువ కూలి సాగిందని ఆమె చూపించారు. గమనించండి: "ఖాళీగా ఉండి చేసుకుంటుంది" అన్న చిన్న మాట ఒక తల్లి కష్టము ధరను తగ్గించగలదు. ఆ మాట బజారులో కంటే ముందు ఇంట్లోనే పుడుతుంది.

ఇంట్లో పాటించదగిన నాలుగు సంగతులు

మొదటిది, పనికి ఒక వేళ, ఒక చోటు. జెలీ గారికి గురువారము ఉన్నట్లే, మీకూ కొన్ని గంటలు, ఒక మూల ఉండాలి. ఆ వేళలో పిల్లలకు అన్నము పెట్టేది ఎవరో ముందే అనుకోవాలి. మిగిలిన వేళలో సూదిని పక్కన పెట్టాలి.

రెండవది, లెక్క. ఒక జాకెట్టుకు సరుకు ఖర్చు 300 రూపాయలు, పని 12 గంటలు, అమ్మిన ధర 900 రూపాయలు అనుకుందాము. మిగిలిన 600ను 12తో భాగిస్తే గంటకు 50 రూపాయలు. ఈ లెక్క వేస్తేనే ధర చాలునో చాలదో తెలుస్తుంది. దారము ఖర్చు రాసి, గంటలు రాయని తల్లి తన కష్టమును ఉచితముగా ఇస్తున్నది. ఆ డబ్బు ఆమె పేరున ఉన్న ఖాతాలో వేయండి.

మూడవది, "ఈసారి కాదు" అనే మాట. పిల్లల పరీక్షల నెలలో, పురిటి రోజుల్లో కొన్ని ఆర్డర్లు వదులుకోవచ్చు. అందరినీ సంతోషపెట్టబోతే చివరికి ఇంటివారి మీద విసుక్కోవలసి వస్తుంది.

నాలుగవది, శరీరము. జెలీ గారు 1865లోనే రొమ్ములో గడ్డ ఉన్నదని తమ్ముడికి ఉత్తరము రాశారు. చికిత్స జరగలేదు. 1876 చివరలో వైద్యునికి చూపించేసరికి వ్యాధి ముదిరిపోయింది. 1877 ఆగస్టు 28న, 45 ఏళ్ళకే కన్నుమూశారు. అప్పటికి తెరేజమ్మకు ఇంకా ఐదేళ్ళు నిండలేదు. ఆనాటి వైద్యము వేరు. ఈనాడు త్వరగా కనుగొంటే నయమయ్యే అవకాశము ఎంతో ఎక్కువ. తల్లులారా, గడ్డ కనిపించినా, చూపు మసకబారినా, నడుము పట్టేసినా "ఈ ఆర్డరు అయ్యాక చూద్దాము" అనకండి. భర్తలారా, ఆమె చెప్పే వరకు ఆగకండి, అడగండి.

2015 అక్టోబరు 18న ఫ్రాన్సిస్ జగద్గురువులు జెలీ, లూయీ దంపతులను ఇద్దరినీ కలిపి పునీతులుగా ప్రకటించారు. లేసు అల్లిన చేతికీ, లెక్కలు రాసిన చేతికీ ఒకే గౌరవము దక్కింది. సామెతల గ్రంథము 31వ అధ్యాయములోని గుణవతి కూడా నారబట్టలు నేసి వర్తకులకు అమ్మిన స్త్రీయే. ఆమె బిడ్డలూ, భర్తా ఆమెను నోరారా మెచ్చుకున్నారు.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థన తరువాత ఈ మూడు ప్రశ్నలు మాట్లాడుకోండి.

1. మా ఇంటి తల్లి వారానికి ఎన్ని గంటలు చేతిపని చేస్తున్నది? ఎప్పుడైనా లెక్క వేశామా?

2. ఆ గంటలలో ఇంటి పనిలో ఎవరు ఏ వాటా తీసుకుంటారు?

3. ఆమె ఆరోగ్య పరీక్షకు ఏ రోజు వెళ్తున్నాము?