ఒకసారికి ఒక్కటే మార్చండి

చేతులారా కట్టుకున్న గేమింగ్ కంప్యూటర్ ఆట మధ్యలో టప్పున ఆరిపోతే, ఆ తర్వాత పది నిమిషాల్లో మీరేం చేస్తారో చూస్తే చాలు, మీ తత్వం తెలిసిపోతుంది. చాలామంది ఆ రాత్రికి రాత్రే విండోస్ మళ్లీ ఎక్కిస్తారు, గ్రాఫిక్స్ డ్రైవర్ మారుస్తారు, బయాస్ అప్‌డేట్ చేస్తారు, ర్యామ్ పీకి మళ్లీ గుచ్చుతారు, పనిలో పనిగా ప్రాసెసర్‌కు కొత్త పేస్టు పూస్తారు. పొద్దునకు బండి నడుస్తుంది. ఏది చేస్తే నడిచిందంటే మాత్రం చెప్పలేరు. పక్షం తిరిగేసరికి మళ్లీ ఆరిపోతుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది. కష్టం బోలెడు, నేర్చుకున్నది సున్నా.

ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చింది తేదీ వేసి నోటుబుక్కులో రాయండి. అదే ఆట, అవే సెట్టింగులు, అంతే సేపు ఆడి చూడండి. ఇది చాదస్తంగా కనిపిస్తుంది. చాదస్తమే, కానీ రిపేరుకు ఆ మాత్రం ఉండాలి. మార్కులు తగ్గాయని కోచింగు, హాస్టలు, ఫోను, నిద్రవేళలు అన్నీ ఒకే వారంలో మార్చేసే ఇంటర్ పిల్లాడి నాన్నకూ నేను చెప్పేది ఇదే.

స్క్రూడ్రైవర్ పట్టకముందే అడగాల్సిన ప్రశ్న: ఎలా పోయింది? నీలి తెర పడిందా, ఆట ఒక్కటే మూసుకుపోయి డెస్క్‌టాప్ కనిపించిందా, ప్లగ్గు పీకినట్టు మొత్తం ఆరిందా? ప్లగ్గు పీకినట్టు పోతే, అదీ గ్రాఫిక్స్ కార్డు మీద బరువు పడినప్పుడే పోతుంటే, ముందు ఎస్‌ఎంపీఎస్‌నూ దాని కేబుళ్లనూ అనుమానించాలి. చిన్న యూపీఎస్ మీద నడుస్తుంటే దాన్ని తప్పించి నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టి చూడాలి. నీలి తెరలు రోజుకో పేరుతో వస్తుంటే ర్యామ్ మీద కన్నేయండి. బయాస్‌లో ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీని ఆపేసి, మెమ్‌టెస్ట్86ను రాత్రంతా తిప్పితే చాలావరకు తేలిపోతుంది. ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్-పవర్ 41’ ఎర్రగా కనపడగానే కొత్త ఎస్‌ఎంపీఎస్ కోసం తిరుపతిలో సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కు పరుగెత్తకండి. ఆ 41 చెప్పేదల్లా కంప్యూటర్ పద్ధతిగా షట్‌డౌన్ కాకుండానే ఆగి మళ్లీ లేచిందని. ఎందుకు ఆగిందో అది చెప్పదు.

ఇక వేడి. శేషాచలం కొండల కింద ఊరు మనది. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటడం తిరుపతికి వింత కాదు. మిద్దె మీది గదైతే స్లాబు అర్ధరాత్రి దాకా సెగ కక్కుతూనే ఉంటుంది. ఎంత ఖరీదైన ఫ్యానైనా, నీళ్లు తిరిగే కూలరైనా ప్రాసెసర్‌ను గది గాలి కంటే చల్లబరచలేవు. జనవరిలో గది 25 ఉన్నప్పుడు 75 చూపించిన ప్రాసెసర్, మే నెలలో 38 డిగ్రీల గదిలో అదే ఆటకు 88 దాకా చూపిస్తుంది. తేడా రెండుసార్లూ 50 డిగ్రీలే కాబట్టి ఏదీ పాడవనట్టే. అందుకే పుస్తకంలో గది వేడి కూడా రాయమంటాను. పైగా రైజెన్ 7000 వరుసలో కొన్నింటిని, పూర్తి బరువు పడితే 95 డిగ్రీల దాకా వెళ్లేలానే ఏఎమ్‌డీ తయారుచేసింది.

హద్దు తాకిన ప్రాసెసర్ వెంటనే చచ్చిపోదు, ముందు వేగం తగ్గించుకుంటుంది. తిరుమల ఘాట్‌రోడ్డు టోల్‌గేట్లలో టైము కొట్టి చీటీ ఇస్తారే, ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాల లోపు చేరకూడదని, అలాంటి కట్టడి అన్నమాట. ఘాట్‌రోడ్డులో నిదానంగా పోయే కారు చెడిపోయిందని ఎవరూ అనరు కదా. వేగం తగ్గించుకున్నా వేడి ఆగకపోతేనే తనంతట తాను ఆరిపోతుంది.

వేడి నిజంగానే మితిమీరితే, కాణీ ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. క్యాబినెట్ పక్క తలుపు తీసి అదే ఆట ఆడండి. వేడి బాగా తగ్గితే లోపల గాలి ఆడటం లేదని అర్థం: జాలీకి దుమ్ము పట్టి ఉండొచ్చు, డబ్బాను గోడకు ఆనించి ఉండొచ్చు, ఫ్యాను తిరగేసి బిగించి ఉండొచ్చు. తగ్గకపోతే కూలర్ విప్పాల్సిందే. విప్పగానే గుడ్డతో తుడిచెయ్యకండి. ఫోన్ టార్చి వేసి రెండువైపులా పేస్టు ముద్ర చూడండి. సన్నగా అంతటా పరుచుకుని ఉంటే బిగింపు సరిగ్గా ఉన్నట్టు. ఒక మూల పూసింది పూసినట్టే మందంగా ఉంటే ఆ వైపు అదుము పడలేదు. మళ్లీ బిగించేటప్పుడు ఒక స్క్రూను చివరిదాకా తిప్పెయ్యకుండా, ఎదురెదురు మూలలకు కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ రావాలి. కూలర్ అడుగున ‘వాడే ముందు తీసేయండి’ అని రాసిన పల్చటి ప్లాస్టిక్ పొర అట్లాగే ఉండిపోయిన కంప్యూటర్లూ ఉంటాయి. రంగురంగుల లైట్లు మాత్రం వాటిలో భేషుగ్గా వెలుగుతుంటాయి!

అన్నిటికంటే కష్టం, చేతికి దొరికినవాడి మీద నింద వేయకుండా ఆగడం. 13, 14 తరాల ఇంటెల్ కోర్ ఐ9 ప్రాసెసర్లున్న కొన్ని కంప్యూటర్లలో అన్‌రియల్ ఇంజిన్ ఆటలు ‘వీడియో మెమరీ చాలడం లేదు’ అంటూ మూసుకుపోయేవి. జనం గ్రాఫిక్స్ కార్డును తిట్టారు, ఆట చేసినవాళ్లను తిట్టారు. అసలు తప్పు ప్రాసెసర్‌ది. అది మోతాదు మించిన వోల్టేజీ అడుగుతోందని 2024 జూలైలో ఇంటెల్ ఒప్పుకుంది. ఆగస్టులో బయాస్ అప్‌డేట్ల ద్వారా సవరణ వచ్చింది, వారంటీ రెండేళ్లు పెరిగింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను మాత్రం ఏ అప్‌డేటూ బాగుచెయ్యదు. మీది ఆ కుటుంబం చిప్ అయితే బయాస్ ఎప్పటిదో ఈరోజే చూసుకోండి.

నోటుబుక్కు విలువ షాపులో తెలుస్తుంది. ‘అన్నా, సిస్టమ్ ఆఫ్ అయిపోతా ఉండాది’ అంటే, ‘పెట్టేసి పో, రెండ్రోజులాగి రా’ అంటాడు షాపాయన. అలా కాకుండా, ‘అన్నా, గది 36 డిగ్రీలు, ప్రాసెసర్ 80 దాటలా. కార్డుకు ఫుల్ లోడు పడితేనే ప్లగ్గు పీకినట్టు పోతా ఉండాది. ర్యామ్ ఒక్కొక్కటే పెట్టి చూసినా, యూపీఎస్ తీసేసి చూసినా అంతే’ అని చదివి వినిపించండి.

‘అట్లయితే నా దగ్గర 750 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాది, తగిలించి చూస్తాం. కూర్చో’ అంటాడు.