వాయుగుండం కబురు నుంచి గెడ్డ పోటు దాకా: ఉద్దానంలో చేయవలసినవి, చేయకూడనివి

ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న. తిత్లీ 2018 అక్టోబరు 11న. గులాబ్ కాస్త తొందరపడి 2021 సెప్టెంబరు 26నే వచ్చింది. నైరుతి వెనక్కి మళ్లి, ఈశాన్యం ఇంకా కుదురుకోని ఈ రోజుల్లో బంగాళాఖాతం వెచ్చగా ఉంటుంది. పైఎత్తు గాలులు మేఘాల గుంపును చెదరగొట్టేంత బలంగా వీయవు. అందుకే ఉద్దానం చుట్టూ పలాస, టెక్కలి, సోంపేట వైపు దసరా సరుకుల చీటీతో పాటే తుపాను సరుకుల చీటీ కూడా రాసుకోవాలి. వచ్చే నాలుగైదు రోజుల వాతావరణ సూచనలో ‘అల్పపీడనం’ అనే మాట కనబడిన రోజు నుంచే ఈ జాగ్రత్తలు మొదలవుతాయి.

కబురు చదవడం

వాతావరణ శాఖ వాడే ప్రతి మాట వెనకా ఒక లెక్క ఉంది. గాలి గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లయితే వాయుగుండం. 50 నుంచి 61 దాకా తీవ్ర వాయుగుండం. 62కు చేరితే తుపాను, పేరు పెట్టేది అప్పుడే. 89 నుంచి తీవ్ర తుపాను, 118 నుంచి అతి తీవ్ర తుపాను. వానకూ ఇలాగే కొలతలున్నాయి. ఒక్క రోజులో 64.5 మిల్లీమీటర్లు పడితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 దగ్గర నుంచి అత్యంత భారీ. పసుపు రంగు హెచ్చరికకు గమనిస్తూ ఉండాలి, నారింజకు సిద్ధం కావాలి. ఎరుపు వచ్చేసరికి కదలవలసిన వాళ్లు కదిలిపోయి ఉండాలి.

చాలామంది పేరు పెట్టేదాకా ఆగుతారు. తిత్లీకి అక్టోబరు 9న పేరొచ్చింది. 11వ తేదీ తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర మధ్య వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, విసురు 165 దాకా. అంటే పేరు విన్న తర్వాత చేతికి దొరికింది రెండు పగళ్లే. కాబట్టి వాయుగుండం దశలోనే పని మొదలుపెట్టండి. అది బలపడకుండా తేలిపోతే మీకు పోయేది ఓ పూట పని మాత్రమే.

టీవీలో మ్యాపు మీద గీసిన గీతను పట్టుకుని ‘అది గోపాలపూర్ పోతోంది, మనకేం లేదు’ అని తేల్చేయకండి. ఆ గీత తుపాను కేంద్రం దారి మాత్రమే, గాలివాన దానికి రెండువైపులా ఎంతో దూరం పరచుకుని ఉంటుంది. ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే దాటింది, అయినా ఉద్దానం కొబ్బరిని వదల్లేదు. వాట్సాప్‌లో తిరిగే రంగురంగుల మ్యాపులు ఏ రోజువో, ఏ తుపానువో కూడా తెలియదు. తుపాను రోజుల్లో ఊరికొక వాతావరణ శాస్త్రవేత్త పుట్టుకొస్తాడు, వినడానికి బాగానే ఉంటుంది గానీ వేటకు వెళ్లాలా వద్దా అన్నది మాత్రం విశాఖ తుపాను హెచ్చరిక కేంద్రం, అమరావతి వాతావరణ కేంద్రం చెప్పే మాట మీదే తేల్చుకోండి.

కరెంటు, సిగ్నలు రెండూ పోయాక కూడా పనికొచ్చే సూచన ఒకటుంది: గాలి దిక్కు. గాలికి వీపు పెట్టి నిలబడితే తుపాను కేంద్రం ఇంచుమించు మీ ఎడమ చేతి వైపు ఉంటుంది. మన తీరంలో ఈశాన్యపు గాలి క్రమంగా తూర్పుకు, ఆగ్నేయానికి తిరుగుతుంటే కేంద్రం మనకు దక్షిణంగా దాటుతోందన్న మాట. అప్పుడు గాలి సముద్రం మీది నుంచి నీటిని ఒడ్డుకు తోస్తుంది, ఉప్పెన భయం ఎక్కువ. ఉత్తరం నుంచి వాయవ్యానికి, పడమరకు తిరిగితే కేంద్రం మనకు ఉత్తరంగా పోతోంది. దిక్కు మారకుండా జోరు మాత్రం పెరుగుతూ పోతే అది నేరుగా మన మీదికే వస్తోంది. అయితే ఇది కిటికీ సందులోంచి గమనించే విషయం, పరీక్షించడానికి పెరట్లోకి వెళ్లకండి.

తోటలో ఇల్లు

కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు పల్లెల్లో ఇల్లు, తోట వేరువేరు కావు. కొబ్బరి చెట్ల మధ్యనే ఇల్లుంటుంది, పక్కనే పనస, జీడి. ఎండలో చల్లని ఈ కాపురానికి తుపాను రాత్రి ముప్పు కూడా ఆ చెట్ల నుంచే. ఇంటి మీదికి వాలిన చెట్టు ఏదో, మొదలు డొల్లయినది ఏదో ముందే చూసి పెట్టుకోండి. ముదురు కాయలు, ఎండుమట్టలు గాలి మొదలవకముందే దింపించండి. ఈదురుగాలి పట్టాక నాలుగు గెలల కోసం మనిషిని చెట్టెక్కించకండి, ఎక్కుతానన్నా ఒప్పుకోకండి.

రేకుల ఇల్లు, పెంకుటిల్లు, పూరిల్లు అయితే ఆ రాత్రికి శ్లాబు ఇంటికో, తుపాను షెల్టరుకో, బడికో చేరిపోవాలి. వెలుతురుండగానే వెళ్లండి. ‘గాలి ఎక్కువైతే అప్పుడు చూద్దాం’ అనుకుంటే అప్పటికి దారిలో చెట్లు, తీగలు పడి ఉంటాయి. పశువుల కట్లు విప్పేయండి. చెట్టు కింద, రేకుల పాక కింద కట్టి ఉంచకండి. పెరట్లో విడిగా పడి ఉన్న రేకు ముక్క, బకెట్టు, నిచ్చెన లోపల పెట్టండి. గాలిలో లేచిన రేకు మనిషిని కోసేస్తుంది.

కాశీబుగ్గ, పలాస జీడి పరిశ్రమల్లో పిక్కల బస్తాలను గోడకు దూరంగా, దుంగల మీద ఎత్తుగా పేర్చండి. ఆ రోజుకు పనివాళ్లను పిలవకండి. పిలిస్తే రాక తప్పని వాళ్లు వాళ్లు. తిరిగి ఇంటికి చేరవేసే బాధ్యత మాత్రం ఎవరిదీ కాకుండా పోతుంది.

డయాలసిస్ ఉన్న ఇల్లు

ఇంకో జిల్లాకు రాసే తుపాను జాగ్రత్తల్లో ఈ భాగం ఉండదు. కిడ్నీ జబ్బు ఇంటింటి మాటైన ఉద్దానంలో మాత్రం ఇదే ముందుండాలి. వారానికి రెండు, మూడుసార్లు డయాలసిస్ చేయించుకునే మనిషికి రెండు రోజులు రోడ్డు మూసుకుపోవడం ప్రాణం మీది విషయం.

నారింజ హెచ్చరిక రాగానే మీ డయాలసిస్ కేంద్రానికి ఫోను చేసి, తర్వాతి విడతను ముందుకు జరపమని అడగండి. జనరేటరు, డీజిలు ఎన్నాళ్లకు సరిపడా ఉన్నాయో కూడా అడగండి, మొహమాటం వద్దు. కేసు ఫైలు, చివరి రక్తపరీక్ష కాగితం, వారానికి సరిపడా మందులు ప్లాస్టిక్ సంచిలో వేసి, సంచీకి ముడి వేసి పెట్టండి. తీరపు పల్లెలో ఉంటే, తుపానుకు ముందే పలాసలోనో టెక్కలిలోనో బంధువుల ఇంటికి వెళ్లి ఉండటం మేలు. అంబులెన్సు రాగలిగేది రోడ్డు తెరిచాకే కదా.

ఇక చేయకూడనివి. తుపాను మర్నాడు ఎక్కడ చూసినా కొబ్బరికాయలే రాలి ఉంటాయి. తాగునీరు దొరకదు, బొండాలు చేతికందుతాయి. మామూలు మనిషికి అవి ప్రాణం నిలిపే నీళ్లు. డయాలసిస్ మీదున్న మనిషికి మాత్రం వద్దు. కొబ్బరినీళ్లలో పొటాషియం చాలా ఎక్కువ. పాడైన మూత్రపిండం దాన్ని బయటికి పంపలేదు, రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది. అసలే ఒక విడత డయాలసిస్ తప్పి ఉంటే ఒకటి రెండు బొండాలు కూడా ప్రమాదమే. అరటిపళ్ల సంగతీ అంతే. సహాయంగా పంచే ఓఆర్ఎస్ పొట్లాల్లోనూ పొటాషియం ఉంటుంది కాబట్టి డాక్టరును అడగకుండా కలిపి తాగించకండి. పులిహోర పొట్లాలు, ఊరగాయ, బిస్కెట్లతో ఉప్పు పెరుగుతుంది, ఉప్పుతో దాహం, దాహంతో ఒంట్లో నీరు.

రెండోది ఇంతకంటే మామూలుగా జరిగేది. రెండు రోజులు చెట్లు నరికి, దుంగలు లాగి, ఒళ్లు నొప్పులని మందుల షాపుకు వెళ్లి పేరు తెలియని నొప్పిబిళ్ల తెచ్చుకోవడం. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి మూత్రపిండాలకు చేటు చేస్తాయి, నీళ్లు తక్కువ తాగి చెమటోడ్చిన రోజుల్లో మరీను. క్రియాటినిన్ కొంచెం పెరిగి ఉన్నా సరే, వాటి జోలికి పోవద్దు.

తాగునీటి సంగతీ ఇక్కడే చెప్పాలి. కరెంటు పోతే మోటారు ఆగుతుంది, నీళ్ల ప్లాంటు ఆగుతుంది, కుళాయి ఆగుతుంది. తిత్లీ తర్వాత చాలా పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ముందు రోజే మూతలున్న పాత్రలన్నీ నింపండి. నీరు చేరిన బావిని క్లోరిన్ వేసేదాకా వాడకండి, వంటనీటినైనా మరగకాచండి.

ఒడ్డున

నువ్వలరేవు, భావనపాడు, బారువ వైపు వేటకు వెళ్లేవారికి గాలి లెక్కలు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఒక్క విషయం మాత్రం మళ్లీ చెప్పాలి: ఇసుక మీదే పడవను దింపి, ఇసుక మీదికే లాక్కునే తీరం ఇది. లోతు సముద్రంలో తట్టుకున్న పడవ ఒడ్డు దగ్గర, అలలు విరిగే చోట బోల్తా పడుతుంది. గులాబ్ వచ్చిన రోజున ఒడిశా నుంచి కొత్త బోటు తెచ్చుకుంటున్న మన మత్స్యకారుల విషయంలో జరిగింది అదే, తీరం కనబడుతుండగానే ప్రాణాలు పోయాయి. దగ్గరికొచ్చేశామన్న ధైర్యంతో గాలిలో ఒడ్డు పట్టడానికి ప్రయత్నించకండి. అసలు అంతదాకా తెచ్చుకోకుండా మొదటి హెచ్చరికకే తిరిగి రండి.

ఇంజను విప్పి ఊళ్లోకి తెచ్చుకోండి. పడవను అలల గీతకు బాగా పైకి లాగి, రెండు వైపులా కట్టండి. వలలు ఒడ్డున పాకల్లో వదలకండి. అర్ధరాత్రి పడవ ఎలా ఉందో చూడటానికి వెళ్లడం అన్నిటికంటే పెద్ద తప్పు. పడవ పోతే నష్టపరిహారం కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. అలలు చూడటానికి పలాస నుంచి బైకుల మీద వచ్చే కుర్రాళ్లకు చెప్పేదేమీ లేదు, వాళ్ల ఇళ్లలో పెద్దలే తాళాలు దాచాలి.

గాలి ఆగినట్టుంటే

కేంద్రం నేరుగా మన మీదుగా దాటితే మధ్యలో గాలి ఒక్కసారిగా సద్దుమణుగుతుంది. అది తుపాను కన్ను. అయిపోయిందనుకుని తలుపు తీసి బయటికి రాకండి. కాసేపటికి గాలి సరిగ్గా ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది, మొదటి విడతలో ఒక పక్కకు వంగిన చెట్లు రెండో విడతలో ఇంకో పక్కకు పడతాయి. అధికారులు ప్రకటించేదాకా, లేదా గాలి మెల్లమెల్లగా, గంటల మీద తగ్గేదాకా ఉన్నచోటే ఉండండి.

తీరం దాటాక

టీవీ వాళ్లు ‘తీరం దాటింది’ అని చెప్పి ఇంకో వార్తకు వెళ్లిపోతారు. ఇక్కడ మనుషులు పోయేది ఎక్కువగా ఆ తర్వాతే అని నాకు గట్టి నమ్మకం.

తిత్లీ తీరం దాటాక ఈశాన్యానికి వంగి, ఒడిశా కొండల మీద కుండపోతగా కురిసింది. ఆ నీరంతా వంశధార, మహేంద్రతనయల్లోకే దిగింది. మన ఊళ్లో వాన వెలిసి ఎండ కాస్తుండగానే పైనుంచి వరద వస్తుంది. వాన తగ్గిందని గెడ్డ దాటకండి. కాజ్‌వే మీద నీరు మోకాలి లోతే కనిపించినా కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో తెలియదు, బైకును తోసేయడానికి ఆ లోతు చాలు. వంశధార ఒడ్డు గ్రామాల వాళ్లు గొట్టా బ్యారేజీ నుంచి వదిలే నీటి లెక్కను రెండు రోజులైనా వింటూ ఉండాలి. మెళియాపుట్టి, మందస కొండపల్లెల వాళ్లు కొండవాలు కింద, రాతి గుహల్లో తలదాచుకోకండి. తిత్లీ వానల్లో పక్కనే ఉన్న గజపతి జిల్లా బరఘరలో గుహలోకి చేరినవాళ్ల మీద కొండచరియ విరిగిపడింది.

తెగిన తీగ ఏదైనా కరెంటు ఉన్నట్టే లెక్క. 1912కు చెప్పి, ఇంకెవరూ తొక్కకుండా అడ్డంగా కొమ్మలు వేసి పక్కకు జరగండి. జనరేటరును ఇంట్లో, వరండాలో నడపకండి, దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మెయిన్ ఆపకుండా దాన్ని ఇంటి వైరింగుకు కలిపితే కరెంటు వెనక్కి లైనులోకి పోతుంది, అప్పుడు స్తంభం మీద లైన్‌మన్ ఉంటాడు.

పడిన చెట్టును కోయడానికీ పద్ధతి ఉంది. వంగి, బిగుసుకుని ఉన్న మాను విల్లులా ఉంటుంది, రంపం సగం దిగగానే ఎగిరి మనిషిని కొడుతుంది. తెలిసినవాళ్ల చేతే కోయించండి, చుట్టూ పిల్లల్ని నిలబడనీయకండి. కొమ్మల కుప్పలో చేయి పెట్టే ముందు కర్రతో కదపండి, పాములూ తలదాచుకునేది అక్కడే.

పొలంలో నీరు నిలిస్తే కాలువ తీసి వెంటనే తీసేయండి. కోతకొచ్చిన వరి నవంబరు వానకు పడిపోతే, గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకుల మీద కొట్టండి.

సాయం కావాలంటే 112, 1070, వైద్యానికి 108. ఫోను కలవకపోతే గ్రామ సచివాలయానికి మనిషిని పంపండి.

నష్టం రాయడానికి వచ్చేవాళ్ల కోసం ఎదురుచూస్తూ దారికి అడ్డంగా పడిన చెట్లను అలాగే ఉంచకండి. దారి మీదివి ముందు తీయండి, అయితే తీసే ముందు ఫొటో తీయండి. చెట్టు మొదలు, పక్కన ఇల్లో బావో కనబడేలా, తేదీ పడేలా తీస్తే మేలు. కాపుకొచ్చిన కొబ్బరి ఎన్ని, లేతవి ఎన్ని, జీడి ఎన్ని, పనస ఎన్ని అని విడివిడిగా రాసి, పక్క తోట రైతు చేత సంతకం పెట్టించుకోండి. కౌలు తోటయితే కౌలు కాగితం జతచేయండి, లేకపోతే డబ్బు తోట సొంతదారు ఖాతాకే పోతుంది.